ఒడ్డు ఎండ, ఎడారి ఎండ

ఎండ అంటే ఎండే గదా, అందులో రకాలేమిటని కొందరికి తోచవచ్చును. కాని మన తెలుగువారిలో బళ్లారి వేసవి చూచినవారూ, మద్రాసు వేసవి చూచినవారూ, నాగపూరు వేసవి చూచినవారూ ఒకచోట కూర్చున్నారంటే ఎవరి ఎండ గొప్పదన్న వాదం భోజనాల వేళ దాకా తెమలదు. బళ్లారివారు “మాది కాల్చే ఎండ” అంటారు. మద్రాసువారు “మాది ఉడికించే ఎండ” అంటారు. నిజానికి ఆ రెండు మాటలలోనే అసలు శాస్త్రమంతా ఉన్నది. కాలడం వేరు, ఉడకడం వేరు. ఈ భేదం మన ఇంటి ఇల్లాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. నిప్పుల మీద కాలిన అప్పడానికీ, ఆవిరి మీద ఉడికిన ఇడ్లీకీ ఉన్న తేడాయే అది.

ఒడ్డు ఎండా, ఎడారి ఎండా ఒకే సీమలో, పొద్దున బయలుదేరితే భోజనం వేళకు రెండూ చూచి రాగలిగినంత దగ్గరలో ఉన్న చోటు ఒకటి ఉన్నది. అదే అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా. ఈనాడు మన సంఘాలలోని కుటుంబాలలో చాలామందికి కొడుకో, కూతురో, మేనల్లుడో ఆ దేశంలో ఉన్నారు. పిల్లలను చూడడానికి పెద్దవారు వెళ్లి ఆరేసి నెలలు ఉండి రావడం కూడా పరిపాటి అయినది. “అక్కడ ఏడాది పొడుగునా ఎండే, మనకు అలవాటైన దేశమే” అని ధైర్యం చెప్పుకుని ప్రయాణం కట్టేవారు చాలామంది. మాట నిజమే. అయితే ఏ ఎండ, ఏ నెలలో, కొండకు ఏ వైపున అన్నది తెలుసుకోకుండా వెళితే ఆ ధైర్యమే చిక్కు తెచ్చిపెట్టవచ్చును. అందుచేత నాకు తెలిసిన సంగతులు నాలుగు పాఠకుల ముందు పెడుతున్నాను.

రెండు గంటల దూరం

పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున శాన్ డియేగో అనే నగరం ఉన్నది. భూమధ్యరేఖకు ఉత్తరాన మన జమ్మూ ఎంత దూరమో అదీ దాదాపు అంత దూరమే. అక్కడి నుండి తిన్నగా తూర్పుకు పోతే ఇంపీరియల్ లోయ అనే ఎడారి సీమ, అందులో ఎల్ సెంట్రో అనే ఊరు వస్తాయి. రెండింటి మధ్య దూరం సుమారు 190 కిలోమీటర్లు. మద్రాసు నుండి నెల్లూరికి పోయినంత అనుకోండి. మంచి రోడ్డు కాబట్టి కారులో రెండు గంటలు పట్టదు.

కాని ఆ రెండు గంటలలో కారు సముద్రతీరం నుండి బయలుదేరి, నాలుగువేల అడుగులకు పైగా కొండ ఎక్కి, ఆవలి వైపు దిగి, సముద్రమట్టానికి సుమారు 40 అడుగుల దిగువన ఉన్న ఊరికి చేరుతుంది. ఎండాకాలంలో శాన్ డియేగో ఒడ్డున మధ్యాహ్నపు వేడి సగటున 25 డిగ్రీల సెంటిగ్రేడు ఉంటుంది. అదే రోజున ఎల్ సెంట్రోలో గాని, ఇంకొంచెం ఉత్తరాన ఉన్న పామ్ స్ప్రింగ్స్ అనే ఊరిలో గాని 42 డిగ్రీలు ఉంటుంది. ఇక్కడ ఫ్యాను అక్కరలేదు. అక్కడ బయట నిలిపిన కారు తలుపు పిడి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది.

వాన సంగతి చూడండి. మద్రాసులో ఏడాదికి సుమారు 140 సెంటీమీటర్ల వాన పడుతుంది. కరువు సీమ అని మనం జాలిపడే అనంతపురం జిల్లాలో సుమారు 55 సెంటీమీటర్లు. శాన్ డియేగోలో పడేది 25 మాత్రమే! పామ్ స్ప్రింగ్స్‌లో అందులో సగం. ఎల్ సెంట్రోలో 8 సెంటీమీటర్లు కూడా ఉండదు. అంటే ఆ సీమలో పచ్చగా కనబడే సముద్రపు ఒడ్డు కూడా మన లెక్కలో కరువు నేలే. పైగా ఆ పడే కొద్దిపాటి వాన కూడా చలికాలంలో, నవంబరుకూ మార్చికీ మధ్యనే పడుతుంది. వేసవి పొడిగా పోతుంది.

చల్లని సముద్రం

ఇక్కడ ఒక సందేహం రావాలి. మద్రాసుకూ సముద్రమున్నది, శాన్ డియేగోకూ సముద్రమున్నది. మరి మద్రాసులో మే నెలలో స్నానం చేసి వచ్చి తుడుచుకునే లోపల మళ్లీ చెమట పట్టడమేమిటి, అక్కడ నడివేసవిలో దుప్పటి కప్పుకోవడమేమిటి?

జవాబు నీళ్లలో ఉన్నది. మన బంగాళాఖాతం గోరువెచ్చని సముద్రం. వేసవిలో మద్రాసు దగ్గర నీరు 28, 30 డిగ్రీల వేడిలో ఉంటుంది. వెచ్చని నీటి నుండి ఆవిరి ధారాళంగా లేస్తుంది. ఆ ఆవిరితో నిండిన గాలి ఒంటి మీది చెమటను పీల్చుకోలేదు. కనుక చెమట కారుతుందే గాని ఆరదు.

కాలిఫోర్నియా ఒడ్డు పొడుగునా ఉత్తరం నుండి దక్షిణానికి ఒక చల్లని నీటి ప్రవాహం సముద్రంలోనే సాగుతూ ఉంటుంది. దానికి తోడు, ఒడ్డున వీచే గాలికి పైనీరు పక్కకు జరిగితే, లోతులలోని ఇంకా చల్లని నీరు పైకి వస్తుంది. అందుచేత శాన్ డియేగో దగ్గర చలికాలంలో నీరు 15 డిగ్రీల ప్రాంతంలో ఉంటే, ఆగస్టులో కూడా 20 డిగ్రీలను పెద్దగా దాటదు. దాని మీదుగా వచ్చే గాలి చల్లగా ఉంటుంది. చల్లని గాలి ఎక్కువ ఆవిరిని మోయలేదు. కాబట్టి ఒడ్డున తేమ ఉన్నా ఉక్క లేదు. మనకు మధ్యాహ్నం పూట సముద్రపు గాలి తిరిగిందంటే ప్రాణం లేచి వస్తుంది గదా. వారికి ఆ గాలి రోజంతా ఉన్నట్లే అనుకోవచ్చును.

ఇంకొక విచిత్రం. మే, జూన్ నెలలలో ఈ చల్లని గాలిపొర మీద వేడిగాలి మూత వేసినట్లు నిలబడుతుంది. కింది పొరలోని తేమ పైకి లేవలేక, సముద్రం మీదనే పలుచని మబ్బుగా పరుచుకుని ఒడ్డు మీదికి వస్తుంది. ఉదయం పదింటి దాకా, ఒక్కొక్కనాడు మధ్యాహ్నం దాకా సూర్యుడు కనబడడు. అక్కడివారు దీనికి “జూన్ దిగులు” అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ఉరమని, కురవని మబ్బు అది. “కాలిఫోర్నియా అంటే ఎండ అన్నారు, వచ్చి వారమైంది, పొద్దున పూట సూర్యనమస్కారానికి సూర్యుడే లేడు” అని ఒక పెద్దాయన జూన్ నెలలో ఫోనులో వాపోయారు.

వంటింటి లెక్కలో చెప్పాలంటే ఇంకా తేలిక. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది. శాన్ డియేగో ఇళ్లలో వేసవి ఉదయాన కూడా కొబ్బరినూనె సీసాలో తెల్లగా గడ్డ కట్టే ఉంటుంది. రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి తెల్లవారేసరికి పొంగదు. మనవాళ్లు పొయ్యి అరలో దీపం వెలిగించి ఆ వెచ్చదనానికి పిండిగిన్నె పెట్టుకుంటారు. వడియాలు మధ్యాహ్నం దాటితే గాని ఆరడం మొదలు పెట్టవు. అదే ఎడారి వైపు వేసవిలో పిండి మూడు నాలుగు గంటలకే పొంగి గిన్నె దాటుతుంది. పొద్దున పెట్టిన వడియం సాయంత్రానికి గలగలలాడుతుంది.

కొండ ఆపిన మబ్బు

సముద్రపు చల్లదనం లోపలికి ఎందుకు పోదు? కొండలు అడ్డం కాబట్టి. ఈ సంగతి కర్ణాటకలో ఉండే మనవారికి చెప్పనక్కరలేదు. పడమటి కనుమల మీద ఉన్న ఆగుంబెలో ఏడాదికి 700 సెంటీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. అదే రాష్ట్రంలో తూర్పున ఉన్న బళ్లారికి చేరేసరికి 50 సెంటీమీటర్ల ప్రాంతానికి దిగిపోతుంది. మబ్బు కొండ ఎక్కేటప్పుడు చల్లబడి తన నీరంతా దింపుకుంటుంది. కొండ దిగేటప్పుడు ఆ గాలి ఒత్తిడికి వేడెక్కుతుంది. కిలోమీటరు దిగితే సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. కనుక కొండ చాటున ఉన్న ఊరికి దక్కేది పొడిగాలి, వేడిగాలి మాత్రమే.

పామ్ స్ప్రింగ్స్ ఊరికి పడమట శాన్ హసింటో అనే కొండ నిట్టనిలువుగా లేచి ఉన్నది. ఎత్తు 10,800 అడుగులకు పైమాటే. 1963లో ఆ కొండ వాలు మీద తీగపై నడిచే బండి ఏర్పాటు చేశారు. ఎడారి అంచున ఎక్కి కూర్చుంటే పదిహేను నిమిషాల లోపున 8,500 అడుగుల ఎత్తున దేవదారు జాతి చెట్ల నడుమ దిగవచ్చును. కింద జనం ఎండకు తలుపులు మూసుకుని ఉంటే పైన శాలువా కప్పుకోవాలి.

ఆ కొండకు ఉత్తరాన మరొక పెద్ద కొండ, రెండింటి నడుమ ఒక కనుమ ఉన్నది. ఒడ్డు మీది చల్లగాలి ఎడారి మీది వేడిగాలి చోటులోకి దూసుకుపోయే సందు అదే. 1980ల నుండి అక్కడ గాలిమరలు బారులు తీరి తిరుగుతున్నవి. ఇది చదువుతూ ఉంటే తమిళనాడు దక్షిణాన ఉన్నవారికి ఆరల్వాయ్‌మొళి కనుమ, ముప్పందల్ గాలిమరలు గుర్తుకు రాకపోవు. కోయంబత్తూరువారికి పాలఘాటు సందులో వీచే గాలి గుర్తుకు వస్తుంది. దేశం ఏదైనా గాలి నడిచే దారి ఒక్కటే.

తడిగుడ్డ చెప్పే నిజం

ఇప్పుడు 42 డిగ్రీల ఎడారి ఎక్కువ కష్టమా, 35 డిగ్రీల మద్రాసు ఎక్కువ కష్టమా అన్న ప్రశ్నకు వద్దాం. ఉత్త థర్మామీటరు దీనికి జవాబు చెప్పలేదు. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూడాలి. గుడ్డ ఆరుతూ ఉంటే బుడ్డి చల్లబడుతుంది. మన ఒంటికి చెమట చేసే ఉపకారమూ అదే. గాలిలో తేమ నూటికి 15 పాళ్లు ఉండి, వేడి 42 ఉంటే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు సుమారు 22 చూపుతుంది. తేమ 65 పాళ్లు ఉండి, వేడి 35 మాత్రమే ఉన్నా అది సుమారు 29 చూపుతుంది. చెమట ఆరే నీడ పట్టున కూర్చుంటే ఎడారియే సుఖమని దీని అర్థం.

నాగపూరులో మనవారి ఇళ్లలో గడ్డిపలకల మీద నీరు కారే కూలర్లు ఎందుకు పనిచేస్తవో, మద్రాసులో అవే కూలర్లు ఇంటిని ఇంకా ఉక్కపోతగా ఎందుకు చేస్తవో ఈ తడిగుడ్డ లెక్కే చెబుతుంది. కాలిఫోర్నియా ఎడారిలోనూ ఏర్ కండిషనర్లు రాక ముందు ఆ కూలర్లే దిక్కు.

అట్లాగని ఎడారి ఎండ మేలని పొరపాటు పడరాదు. దానిలో ఒక మోసం ఉన్నది. మద్రాసులో చొక్కా తడుస్తుంది కనుక మనకు చెమట పోతున్నదని తెలుస్తుంది. ఎడారిలో చెమట పట్టీ పట్టక ముందే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, ఒంట్లోని నీరు మాత్రం గంట గంటకూ తరిగిపోతూ ఉంటుంది. దాహం వేసేసరికి ఆలస్యమవుతుంది. ముసలివారికి దాహమే సరిగా తెలియదు. పైగా గాలి వేడి మన ఒంటి వేడి కంటె ఎక్కువ అయినప్పుడు గాలి తగిలితే చల్లబడడానికి బదులు ఇంకా వేడెక్కుతాం. అప్పుడు ఉత్త ఫ్యాను రక్షించదు.

ఆ ఎండ ఎంతకు పోగలదో రెండు లెక్కలు చెబుతాను. పామ్ స్ప్రింగ్స్‌లో 2024 జులై 5న 51 డిగ్రీలు దాటినది. ఆ ఊరి చరిత్రలో అదే గరిష్ఠం. ఇంకా ఉత్తరాన డెత్ వేలీ, అంటే మృత్యులోయ, ఉన్నది. సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువకు పోయే లోయ అది. అక్కడ 1913 జులై 10న నమోదైన 56.7 డిగ్రీలు ప్రపంచంలోకెల్లా ఎక్కువ వేడిగా నేటికీ లెక్కలో ఉన్నది. 1922లో లిబియాలో చూచినట్లు చెప్పిన 58 డిగ్రీలను పొరపాటు లెక్క అని ప్రపంచ వాతావరణ సంస్థ 2012లో కొట్టివేసినది. అదే మృత్యులోయలో 2023 ఆగస్టు 20న ఒక తుపాను శేషం వచ్చి ఒక్కనాడే 2.2 అంగుళాల వాన కురిపించినది. ఏడాది మొత్తానికి కురవవలసిన వాన దాదాపు అంతే. ఎడారిలో వాన కూడా తీరుబడిగా రాదు.

ఒక కుటుంబం చేసిన నిర్ణయం

ఈ సంగతులన్నీ నేను కూర్చుకోవడానికి కారణం మన సంఘంలోనే ఉన్న ఒక వృద్ధ దంపతులు. ఆయనకు డెబ్బయి రెండేళ్లు, రక్తపోటుకు మందు వాడుతున్నారు. వారి కొడుకు శాన్ డియేగోలో, కూతురు పామ్ స్ప్రింగ్స్ దగ్గర కాపురముంటున్నారు. ఏప్రిల్‌లో బయలుదేరి ఇక్కడి వేసవి తప్పించుకుని, ఆరు నెలలుండి రావాలని అనుకున్నారు. అందులో జూన్, జులై, ఆగస్టు కూతురింట్లో. ఎందుకంటే మనుమలకు అప్పుడే సెలవులు.

నేను ఆఫీసులో రోజూ అంకెలు గళ్లలో నింపేవాణ్ణి. అలవాటు కొద్దీ ఒక కాగితం మీద గీతలు గీసి, పన్నెండు నెలలకూ ఒడ్డు వేడి ఒక గడిలో, ఎడారి వేడి ఒక గడిలో వేసి వారికి చూపించాను. ఎడారిలో జనవరి నెలలో పగలు 21, 22 డిగ్రీలు. రాత్రి 7, 8. అంటే మన బెంగళూరు చలికాలం కంటె కొంచెం ఎక్కువ చలి. మార్చి దాకా హాయి. చలిదేశాలలోని అమెరికా ముసలివారు కూడా ఆ నెలలలోనే ఆ ఎడారికి వచ్చి ఉంటారు. జూన్ నుండి సెప్టెంబరు దాకా మాత్రం గడులన్నీ నలభై ప్రాంతంలోనో, అంతకు పైనో.

“బళ్లారిలో పుట్టి పెరిగినదాన్ని, నాకు ఎండ చూపిస్తావా నాయనా?” అని అమ్మగారు నవ్వారు. మాట నిజమే. అయితే బళ్లారిలో ఆమె ఎండకు ఓర్చుకున్నది ఇరవై ఏళ్ల వయస్సులో. పెద్దాయన మాత్రల చీటీ చూచి డాక్టరుగారు ఇంకొక సంగతి చెప్పారు. ఆయన వేసుకునే మాత్రలలో ఒకటి ఒంట్లోని నీటిని మూత్రం ద్వారా తగ్గించేది. ఎడారి గాలి ఒక వైపు, ఆ మాత్ర ఒక వైపు నీరు లాగితే కళ్లు తిరిగి పడే ప్రమాదమున్నదనీ, అట్లాగని తమంత తాముగా మాత్ర మానరాదనీ గట్టిగా చెప్పారు.

కష్టమైనది డాక్టరుతో మాట్లాడడం కాదు, కూతురుతో మాట్లాడడం. “ఎండకు జడిసి నా యింటికి రావడం మానుకుంటారా నాన్నా?” అని ఆ అమ్మాయి ఫోనులో కంటతడి పెట్టుకున్నది. ఆ సీమలో డిగ్రీలు ఫారెన్‌హీటులో చెబుతారు. “ఇక్కడ నూట ఎనిమిది మామూలే, మేమంతా ఉండడం లేదా?” అని ఆమె అంటే, నూరు దాటితే జ్వరమని మాత్రమే తెలిసిన అమ్మగారు అదిరిపడి ఫోను ఆయన చేతికిచ్చేశారు. అప్పుడాయన అన్న మాట నాకు నచ్చినది: “నీ యింటికి రావడం మానుకోలేదమ్మా, ముందు నీ యింటికే వస్తున్నాం. నెలలు మార్చాం, అంతే.”

అట్లాగే ప్రయాణం సంక్రాంతి తరువాతకు మార్చుకున్నారు. మొదట మార్చి నెలాఖరు దాకా ఎడారిలో కూతురింట, ఆ తరువాత ఒడ్డున కొడుకింట. జూన్‌లో సెలవులివ్వగానే మనుమలే శాన్ డియేగో వచ్చి తాతగారితో ఉన్నారు. పెద్దాయన ఎడారిలో రోజూ ఉదయం రెండు మైళ్లు నడిచారట. ఒడ్డుకు వచ్చిన తరువాత జూన్ మబ్బులో స్వెటరు వేసుకుని కొడైకెనాలులో ఉన్నట్లు ఉన్నదన్నారట. అమ్మగారు మాత్రం మార్చి ఎండలో రెండు డబ్బాల వడియాలు పెట్టి కొడుకింటికి తీసుకుపోయారు. పన్నెండు నెలల కాగితం ఇప్పటికీ వారింటి గోడ మీదనే ఉన్నది. వెళ్లబోయే మరికొందరు చూచి రాసుకుని పోతున్నారు.

ఎడారి ఒడ్డుకిచ్చే నీరు, నిప్పు

ఆ ఎడారిని మనుష్యులు ఊరికే వదలలేదు. కొలరాడో నది నీటిని కాలువ ద్వారా 1901లో ఇంపీరియల్ లోయకు తెచ్చారు. 1905లో గట్టు తెగి నది మొత్తం పల్లానికి పారినది. 1907లో గాని గండి పూడలేదు. ఆ నీరు నిలిచి సాల్టన్ సరస్సు అయినది. ఆ తరువాత గట్టి కాలువ తవ్వి 1940లో నీరు వదిలారు. ఈనాడు ఆ లోయ చలికాలమంతా అమెరికాకు కూరగాయలు పండించి పెడుతున్నది. పక్కనే ఉన్న కోచెల్లా లోయలో ఖర్జూరపు తోటలు ఉన్నవి. ఎండ ఎక్కువ, తేమ తక్కువ ఉంటే తప్ప పండని పండు అది.

ఆ పొలాలలో చెమటోడ్చినవారిలో మన దేశస్థులు ఉన్నారు. పంజాబు రైతులు అనేకులు ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలోనే అక్కడికి చేరారు. వారిలో దలీప్ సింగ్ సౌంద్ ఒకరు. 1899లో పంజాబులో పుట్టి, 1920లో అమెరికా వెళ్లి, బర్కిలీలో గణితంలో డాక్టరేటు పొంది, ఆ చదువుకు తగిన ఉద్యోగం దొరకక ఈ ఎడారి లోయలో వ్యవసాయం చేశారు. 1946లో చట్టం మారిన తరువాత గాని భారతీయులకు ఆ దేశపు పౌరసత్వం పొందే హక్కు కలగలేదు. 1949లో పౌరుడై, 1956లో ఆ లోయ ఉన్న నియోజకవర్గం నుండి అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైనారు. ఆసియా ఖండం నుండి వచ్చినవారిలో ఆ సభలో ఓటున్న సభ్యుడుగా కూర్చున్న మొదటివాడు ఆయనే. ఆ ఎండలో నిలిచి గెలిచిన మన మనిషి అని చెప్పుకోవడానికి అభ్యంతరమేమున్నది!

నీటి లెక్క చెబితే మనకు కొంచెం కుట్టినట్లు ఉంటుంది. ఆ ఒక్క లోయకు ఏటా కొలరాడో నుండి ఉన్న హక్కు మన లెక్కలో సుమారు 135 టి.ఎం.సి.లు. మద్రాసు దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర ప్రభుత్వాలు తలా 5 చొప్పున కృష్ణ నీరు ఇవ్వడానికి 1976లో ఒప్పుకుంటే, తెలుగుగంగ కాలువలో ఆ నీరు మద్రాసు సీమకు చేరినది 1996లో. శాన్ డియేగోదీ మద్రాసు వంటి కథే. ఒడ్డున సముద్రం నిండుగా ఉన్నా తాగడానికి చాలావరకు దూరపు నది నీరే ఆధారం. 2003లో కుదిరిన ఒడంబడిక ప్రకారం ఎడారి రైతులు పొదుపు చేసిన నీటిలో ఏడాదికి 8 టి.ఎం.సి.లకు పైగా శాన్ డియేగోకు ఇవ్వాలి. అయితే పొలాల నుండి జారే నీరు తగ్గేసరికి సాల్టన్ సరస్సు కుంచించుకుపోతున్నది. ఎండిన అడుగు నుండి లేచే దుమ్ము ఆ చుట్టుపట్ల పిల్లలకు ఉబ్బసం తెచ్చిపెడుతున్నదని తల్లిదండ్రులు మొరపెట్టుకుంటున్నారు. ఒక చోట కుళాయి తిరిగితే మరొక చోట దుమ్ము లేచే సంబంధం అది.

ఎడారి ఒడ్డుకు పంపేది నీరు మాత్రమే కాదు. శరదృతువులోనూ, చలికాలంలోనూ గాలి తిరగబడుతుంది. లోపలి ఎడారి పీఠభూముల మీది పొడిగాలి కొండలు దాటి, దిగుతూ వేడెక్కి, ఒడ్డు మీద పడుతుంది. దీనిని శాంటా ఆనా గాలి అంటారు. జూన్‌లో స్వెటరు వేసుకున్న ఒడ్డువారే అక్టోబరులో ముప్పయి అయిదు డిగ్రీలకు తల్లడిల్లుతారు. అడవిలో ఆకు అలము అప్పటికే ఎండి ఉంటుంది. నిప్పురవ్వ పడితే చాలు. 2025 జనవరి 7న లాస్ ఏంజలెస్ పరిసరాలలో రేగిన మంటలు అటువంటి గాలికే చెలరేగినవి. అంతకు ముందు నెలల తరబడి చెప్పుకోదగ్గ వాన లేదు. 16 వేలకు పైగా కట్టడాలు కాలిపోయినవి. చలికాలం మధ్యలో, సముద్రం కనబడే చోట ఊళ్లు తగలబడడం మన ఊహకు అందే సంగతి కాదు.

వెళ్లేవారికి నాలుగు మాటలు

ఆ దేశం వెళ్లదలచిన పెద్దలు మొదట చూడవలసినది పిల్లల ఊరు కొండకు ఏ పక్కన ఉన్నదని. ఒడ్డు నుండి పదిహేను మైళ్లు లోపలికి పోతేనే వేసవిలో అయిదారు డిగ్రీలు పెరుగుతుంది; కనుక “శాన్ డియేగో దగ్గర” అంటే చాలదు, ఎంత దగ్గరో అడగాలి. ఎడారి ఊరైతే నవంబరు నుండి మార్చి దాకా మంచిది. ఒడ్డు ఊరైతే ఏ నెలైనా సరే, జూన్‌లో కూడా ఒక స్వెటరు పెట్టెలో ఉండాలి. ఎడారిలో చలికాలపు రాత్రికి శాలువా మరువరాదు. వేసవిలో తప్పనిసరై ఎడారిలో ఉండవలసి వస్తే నడక సూర్యోదయానికి ముందే ముగించాలి. దాహం కోసం ఆగకుండా గంట గంటకూ నీరు తాగాలి. నిలిపిన కారులో పసిబిడ్డను ఒక్క నిమిషం కూడా వదలరాదు. వాడే మందుల చీటీ బయలుదేరక ముందే డాక్టరుకు చూపించి, వేడిలో జాగ్రత్త ఏమిటో అడిగి రాయించుకోవాలి.

పిల్లలకు కూడా ఒక మనవి. అమ్మానాన్నలను రమ్మని పిలిచేటప్పుడు సెలవులు ఎప్పుడన్నదే గాక, ఎండ ఎప్పుడన్నది కూడా చూచి పిలవండి. టిక్కెట్టు ఏ నెలలో చవక అన్నది ఆ తరువాతి లెక్క.